గాజు బల్ల మీద రెండో రక్తం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వీధి గదిలో కుర్చీ వేసుకుని, చదివిన పేపరే మళ్ళీ చదువుతున్న మామగారు. బస్సు కండక్టరు పని మానుకుని ఎంతకాలమైనా ఆయన గొంతులోంచి "జరగండి, జరగండి" ఇంకా పోలేదు. వంటింటి గుమ్మంలో మోకాళ్ళు చాపుకుని కూర్చున్న అత్తగారు. ఆమె ఒళ్ళో ఏడాది నిండిన పాప. బాత్రూములో చీపురు, బ్లీచింగ్ పొడి పట్టుకున్న ఆడపడుచు. పొయ్యి దగ్గర కోడలు. లేనివాడు ఒక్కడే, ఆ ఇంటి కొడుకు. పని మీద వేరే ఊరు వెళ్ళాడని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెబుతున్నారు.

"ఏమే, ముక్కులు ఊడిపోతున్నాయి! ఇల్లు కడుగుతున్నావా, ఇంట్లోవాళ్ళని సాగనంపుతున్నావా?" అని అరిచారు మామగారు.

"మీరు పేపర్ చదువుకోండి నాన్నా. ఇదంతా అన్నయ్య కోసమే కదా," అంది ఆడపడుచు లోపలినుంచి.

ఆ అమ్మాయి రక్తపరీక్షల సెంటరులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. సీసాల మీద పేర్లు అంటించడం ఆమె పని. ఆ సీసాల్లో ఏం చూస్తారో ఆమెకు సగం తెలుసు. తెలిసిన ఆ సగంతోనే అన్న టూత్‌బ్రష్, దువ్వెన, గడ్డం గీసుకునే సెట్టు, దిండు, టోపీ, హెల్మెట్ లోపలి గుడ్డ, చివర కొరికిన పెన్సిళ్ళు అన్నీ ఏరి, మూట కట్టి, చెత్తబండిలో వేయించింది. ఇప్పుడు నేల కడుగుతోంది.

చూసేవాళ్ళకి ఇది ఇల్లు శుభ్రం చేసుకోవడంలాగే కనిపిస్తుంది. మన ఇళ్ళలో చాలా తప్పులు ఇలాగే కడుక్కుపోతాయి. పక్కింటివాళ్ళు కూడా "ఎంత శుభ్రమో" అని మెచ్చుకుంటారు.

జరిగింది ఇది. కొన్నాళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, అమ్మ కళ్ళజోడు తెస్తానని వెళ్ళిన కొడుకు కళ్ళజోడు లేకుండా, కుడి అరచేతికి చేతిరుమాలు చుట్టుకుని తిరిగొచ్చాడు. కోడలే ఆ చెయ్యి కడిగింది. గాయంలోంచి చిన్న గాజుపెంకు తీసింది. కట్టు కట్టింది. సీసా పగిలిందని చెప్పాడు, ఆమె సరే అనుకుంది. సాయంత్రానికి వీధంతా గుప్పుమంది. కళ్ళజోళ్ళ షాపు పెద్దాయన గాజు బల్ల మీద పడి, తల పగిలి, ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

అప్పుడు కొడుకు నోరు విప్పాడు. "మూడుసార్లు తిప్పించాడమ్మా. ఇచ్చిన నంబరు ఒకటి, చేసిన అద్దాలు ఒకటి. పైగా నీకే చూపు లేదన్నట్టు మాట్లాడాడు. నేను తొయ్యలేదు. అంటే, తోశాను. అంత గట్టిగా కాదు."

అత్తగారు కొడుకు తల నిమిరింది. "వాడికి కోపం వస్తే ఒళ్ళు తెలియదు. మనసు మాత్రం వెన్న," అంది.

ఆ ఇంట్లో ఈ మాట వాడి చిన్నతనం నుంచీ ఉంది. పగలగొట్టిన ప్లేట్లకీ ఇదే మాట, గోడకి కొట్టిన ఫోనుకీ ఇదే, ఒకసారి కోడలి చెంపకి కూడా ఇదే. ఆ వెన్న ఎప్పుడు కరుగుతుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్ళు. కరిగాక, జరిగింది మరిచిపోవడం మిగతావాళ్ళ వంతు. ఈసారి మరిచిపోవాల్సింది ఒక ప్రాణాన్ని.

ఇక్కడితో అయితే అది ఆ ఇంటి పాపం. కానీ దానికి శిక్ష పక్క వాటాలో పడింది.

రెండు వాటాలకీ ఒకటే వరండా, మధ్యలో ఒంటి ఇటుక గోడ. పక్క వాటాలో వడ్రంగి మేస్త్రీ, భార్య, ముసలి తల్లి ఉంటారు. మేస్త్రీ ఆ వారమంతా కళ్ళజోళ్ళ షాపులోనే అరలు బిగిస్తున్నాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, తిరిగి వెళ్ళేసరికి పెద్దాయన నేల మీద ఉన్నాడు. మేస్త్రీ ఆయన తల ఒళ్ళోకి తీసుకుని కేకలు వేశాడు. పరుగెత్తుకొచ్చినవాళ్ళకి కనిపించింది మేస్త్రీ చొక్కా నిండా రక్తం. అరలు వంకరగా ఉన్నాయని పొద్దున పెద్దాయన వాడితో వాదన పెట్టుకున్నాడని ఎదుటి టీకొట్టు మనిషి చెప్పాడు. ఇంకేం కావాలి! పోలీసులు మేస్త్రీని పట్టుకెళ్ళారు.

చొక్కా మీది రక్తం పెద్దాయనదేనని పరీక్షలో వచ్చింది. "డీఎన్ఏలో తేలిపోయిందట" అని వీధి మొత్తం చెప్పుకుంది. నెత్తురోడుతున్న మనిషిని ఒళ్ళో పెట్టుకున్నవాడి చొక్కా మీద ఇంకెవరి రక్తం ఉంటుందని ఒక్కరూ అడగలేదు.

కానీ పగిలిన గాజు అంచు మీద ఇంకో రక్తం ఉంది. అది పెద్దాయనదీ కాదు, మేస్త్రీదీ కాదు. వేరే మగమనిషిది. పోలీసులు మేస్త్రీని వదలలేదు సరికదా, "నీతో ఉన్న రెండోవాడెవడు?" అని కొత్త ప్రశ్న మొదలుపెట్టారు. షాపుకి వచ్చిపోయే మగవాళ్ళందరి చెంపల లోపలినుంచీ దూదిపుల్లలతో ఎంగిలి నమూనాలు తీసుకున్నారు. ఆ వరసలోనే, బ్లీచింగ్ వాసన ఇంకా ఆరకముందే, ఈ ఇంటి తలుపూ తట్టారు.

వచ్చింది ఇద్దరు. ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక చేతికి తొడుగులు వేసుకున్న ల్యాబు మేడమ్.

"మీ అబ్బాయి ఎప్పుడొస్తాడండీ?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"చెప్పలేమండీ. పని ఎక్కడుంటే అక్కడే పడుకుంటాడు," అన్నారు మామగారు.

"ఫోను?"

"సిగ్నల్ ఉండదటండీ."

"సరే. ఆయన వాడే బ్రష్షో దువ్వెనో ఏదైనా ఇస్తారా?"

"అన్నీ పట్టుకుపోయాడండీ," అంది ఆడపడుచు.

"దిండు కూడానా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మంచం వైపు చూస్తూ. "మెడనొప్పేమో పాపం."

మామగారు దగ్గారు. ల్యాబు మేడమ్ గాలి పీల్చి, "ఇల్లు చాలా శుభ్రంగా ఉంచుకున్నారు," అంది.

"మాకు అలవాటండీ," అంది ఆడపడుచు.

ఇంతలో పాప పాకుతూ వచ్చి మేడమ్ చేతి తొడుగు పట్టుకుని లాగింది. మేడమ్ నవ్వింది. "ఎవరి పోలిక?"

అత్తగారు ఆగలేకపోయింది. ఎంత భయంలో ఉన్నా మనవరాలి మాట వస్తే ఆమెకి ఒళ్ళు తెలియదు. "అచ్చం మావాడేనండీ! ఆ ముక్కు చూడండి, ఆ చెవులు చూడండి. తల్లిది ఒక్కటంటే ఒక్కటి రాలేదు."

"రాకుండా ఎలా ఉంటుందండీ? సగం తల్లిది, సగం తండ్రిది. ఎవరికైనా అంతే." ఆ మాట అత్తగారికి చెబుతూ మేడమ్ చూసింది మాత్రం కోడలి వైపు. "పెద్దాసుపత్రి మేడ మీద మా గది. ఎవరికైనా ఏమైనా గుర్తొస్తే రావచ్చు."

వాళ్ళు వెళ్ళగానే ఆడపడుచు గోడకి చేరబడి గుండె మీద చెయ్యి వేసుకుంది. "వెతుక్కోమను. అన్నయ్యది ఈ ఇంట్లో గోరుముక్క కూడా లేదు."

"మా తల్లే, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమే!" అని కూతుర్ని మెచ్చుకుంటూ అత్తగారు మనవరాలి బుగ్గలు ముద్దాడింది.

పొయ్యి దగ్గర కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. అంతా ఏరి పారేశారు. పాపని మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఆ సంగతి ఆ ఇంట్లో తనకొక్కదానికే తెలిసింది. తెలియకపోతే బాగుండునని కూడా అనిపించింది. తెలియనప్పుడు చెయ్యాల్సినదేమీ ఉండదు కదా.

ఆ రోజు నుంచీ ఇల్లు ఆమెకు ఇరుకైపోయింది. వీధి తలుపు తాళం అత్తగారి నడుముకి చేరింది. ఫోను ఆడపడుచు దగ్గర ఉంది. "ఛార్జింగ్ నేను పెడతాలే వదినా" అని తీసుకున్నది మళ్ళీ ఇవ్వలేదు. పుట్టింటి నుంచి అమ్మ ఫోను చేస్తే అందరికీ వినబడేలా పెట్టి మాట్లాడించారు.

"అమ్మా, నాకు ఇక్కడ..." అని కోడలు మొదలుపెట్టింది.

"సర్దుకో తల్లీ. ఏ ఇంట్లో లేవు గొడవలు? పిల్లని పెట్టుకుని ఎక్కడికి పోతావు? మీ అన్నయ్యకి చెబితే మాత్రం వాడేం చేస్తాడు?" అంది అమ్మ. విషయం ఏమిటో అడగలేదు.

ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. అత్తగారు స్వయంగా అన్నం పెట్టి, పక్కన కూర్చుని, "నువ్వు మా ఇంటి మనిషివి అమ్మాయ్. దీనికి నాన్న లేకుండా చేస్తావా? రేపు బడిలో పిల్లలు దీన్ని ఏమని పిలుస్తారో ఆలోచించు," అనేది.

గోడ అవతలి మాటలు మాత్రం తాళం వేస్తే ఆగేవి కావు. మేస్త్రీ తల్లికి చెవుడు. అందుకని గట్టిగా మాట్లాడేది. "నిజం చెప్పవే. వాడే చంపాడా?" అని రోజూ అడిగేది. "లేదత్తా, మీ కొడుకు అలాంటివాడా!" అని మేస్త్రీ భార్య అరిచి చెప్పేది. కాసేపటికి ముసలామె మళ్ళీ, "మరి పరీక్షలో వచ్చిందంటున్నారే?" అనేది.

ఒకరోజు వరండాలో కుళాయి దగ్గర మేస్త్రీ భార్య కనిపించింది. అత్తగారు గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

"చెల్లీ, ఒక్క మాట. మీ ఆయన ఆ రోజు షాపు వైపు వెళ్ళాడేమో? ఎవరినైనా చూశాడేమో అడుగు. చిన్న మాటైనా చాలు, నీకు పుణ్యముంటుంది."

కోడలు కుళాయి కట్టేసింది. "నాకు తెలియదక్కా," అంది. బిందె నిండకుండానే లోపలికి వచ్చేసింది. అత్తగారు బిందె అందుకుంటూ, "మంచి పిల్లవి," అంది. ఆ మెప్పు ఆమె చెవిలో సీసం పోసినట్టుంది.

తర్వాత కొన్నాళ్ళకి ముసలామె పోయింది. జైలు నుంచి మేస్త్రీని తీసుకురావడానికి అనుమతి కాగితాలు తిరిగి తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. మేస్త్రీ ఇద్దరు పోలీసుల మధ్య వరండాలో నిలబడి, ఖాళీ మంచం చూసి వెళ్ళాడు. చివరి రోజు కూడా ముసలామె మేస్త్రీ భార్యని అదే ప్రశ్న అడిగిందట. జవాబు వినిపించిందో లేదో ఎవరికీ తెలియదు.

ఆ చావుకి ఈ ఇంట్లో ఆడపడుచు టీవీ సౌండు తగ్గించింది, అంతే. కోడలు మాత్రం ఇక ఆలోచించడం మానేసింది. ఆలోచిస్తూ కూర్చుంటే ధైర్యం రాదని ఆమెకు అర్థమైంది.

పాప టీకా రోజు వచ్చింది. అత్తగారు వెంట వచ్చింది. పెద్దాసుపత్రిలో మోకాళ్ళ మందుల వరసలో ఆమెను కూర్చోబెట్టి, "టీకా వేయించుకొస్తానత్తయ్యా" అని చెప్పి కోడలు మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకీ వెనక్కి తిరిగి చూసింది.

ల్యాబు మేడమ్ ఆమెను గుర్తుపట్టింది. కూర్చోమంది. కోడలు కూర్చోలేదు. గాయం, గాజుపెంకు, కట్టు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పి, "నా మాట చాలదా మేడమ్? పాపని ఇందులోకి లాగాలా?" అని అడిగింది.

"నీ మాట కావాలమ్మా, చాలా కావాలి. కానీ రేపు నువ్వు మాట మార్చుకునేలా చేస్తారు. నీ అవస్థ చూస్తుంటే మార్చవని నేను చెప్పలేను. గాజు మీది రక్తం మాట మార్చదు."

"పాప నుంచి ఎలా తెలుస్తుంది?"

మేడమ్ పాపకి తన తాళాల గుత్తి ఇచ్చి ఆడుకోనిచ్చింది. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక రాత ఉంటుంది. సగం అమ్మ ఇచ్చింది, సగం నాన్న ఇచ్చింది. నీదీ పాపదీ పక్కపక్కన పెట్టి, పాపలో నీ నుంచి వచ్చింది పక్కకి తీసేస్తాం. మిగిలింది వాళ్ళ నాన్నది. గాజు మీది రక్తం ఎవరిదో, ఆ మనిషిలో ఈ మిగిలినదంతా ఉందా లేదా అని చూస్తాం. లేకపోతే అది మీ ఆయన రక్తం కాదు. నీ అనుమానమే తప్పవుతుంది."

"ఉంటే?"

"ఉంటే ఆయన్ని వెతికి, ఆయన నమూనా తీసి, నేరుగా పోల్చి చూస్తాం. అప్పటిదాకా ఖాయంగా చెప్పం. ఇంకో మాట కూడా విను. ఈ పరీక్ష రక్తం ఎవరిదో చెబుతుంది. అది అక్కడ ఎందుకు పడిందో చెప్పదు. మేస్త్రీ చొక్కా విషయంలో జనం అక్కడే పొరపాటు పడ్డారు. ఎందుకు పడిందో చెప్పాల్సింది మనుషులే."

"నేనిచ్చానని వాళ్ళకి తెలుస్తుందా?"

"కోర్టులో దాచలేం," అంది మేడమ్. అబద్ధం చెప్పి ఒప్పించాలని ఆమె చూడలేదు.

కింద ఉన్న పోలీసు చౌకీ నుంచి ఇన్‌స్పెక్టరును పిలిపించారు. ఆయన ఎదుటే కోడలు ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసింది. మేడమ్ కొత్త తొడుగులు వేసుకుని, దూదిపుల్లతో ముందు తల్లి చెంప లోపల, తర్వాత మళ్ళీ తొడుగులు మార్చి పాప చెంప లోపల మెల్లగా రుద్దింది. పాప ఆ పుల్లని మిఠాయి అనుకుని చప్పరించబోయింది. పుల్లల్ని ఆరనిచ్చి కాగితపు కవర్లలో పెట్టి, మూసి, సీలు వేశారు. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు పట్టిందా అనుకుంది కోడలు.

కిందికి వచ్చేసరికి అత్తగారు మందుల సంచితో ఎదురు నిలబడి ఉంది. "ఇంత సేపా?"

"జనం ఎక్కువున్నారత్తయ్యా."

"పాప ఏడ్చిందా?"

"లేదు."

ఆ తర్వాతి రోజులు ముందటి రోజులకన్నా నయమేమీ కాలేదు. అప్పుడు వాళ్ళ రహస్యాన్ని మోసింది, ఇప్పుడు తన రహస్యాన్ని మోస్తోంది. వాకిట్లో ఏ బండి ఆగినా గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూసేది. పాపని ఎత్తుకుంటే, దీని చేత తండ్రి మీద సాక్ష్యం చెప్పించానే అని బాధ. దించితే, గోడ అవతలి నిశ్శబ్దం. ముసలామె లేకపోవడంతో ఆ వాటాలో గట్టిగా మాట్లాడేవాళ్ళే లేరు.

చివరికి ఒక ఉదయం కబురు వచ్చింది. ఫలితం కలిసింది. వేరే ఊళ్ళో, అత్తగారి చెల్లెలి ఇంట్లో దాక్కున్న కొడుకుని పట్టుకున్నారు. అతని నమూనా, గాజు మీది రక్తం ఒక్కటేనని తేలింది. కుడి అరచేతిలో మచ్చ కూడా మిగిలే ఉంది. అడగగా అడగగా అంతా ఒప్పుకున్నాడు.

"ఎవరిచ్చారు? ఏమిచ్చారు? నేనంతా కడిగాను కదా!" అని ఆడపడుచు పిచ్చిదానిలా ఇల్లంతా తిరిగింది. మామగారు పేపరు మడిచి, కోడలి వైపు, ఆమె చంకలోని పాప వైపు మార్చి మార్చి చూశారు. ఆయనకి ముందు అర్థమైంది. అత్తగారికి చివర అర్థమైంది. మనవరాలిని తీసుకోబోయిన ఆమె చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"మీ అన్నయ్యకి ఫోను చేశాను. సాయంత్రం వస్తాడు. బట్టలు సర్దుకో," అన్నారు మామగారు కోడలితో. ఈసారి ఆయన గొంతు పెంచలేదు.

కోడలు లోపలికి వెళ్ళి బట్టలు సంచిలో పెట్టుకుంది. ఆ ఇంటి కోపానికి ఆమె ఎప్పుడో సిద్ధపడింది. పక్క వాటా మీద మాత్రం ఎక్కడో చిన్న ఆశ పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే మేస్త్రీని వదిలేశారు. వరండాలో చెప్పుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు విని, ఆమె పాపని ఎత్తుకుని బయటికి వచ్చింది.

మేస్త్రీ గోడవైపు తిరిగి, తల్లి మంచం పట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. మేస్త్రీ భార్య గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా," అంది కోడలు.

"ఇన్‌స్పెక్టరు చెప్పాడు. నువ్వే ఇచ్చావట." మేస్త్రీ భార్య గొంతులో కోపం లేదు. "నీ ఇల్లు పోతుందని తెలిసీ ఇచ్చావు. నేను కాదనను. మా ఆయన ఇంటికొచ్చాడంటే నీ వల్లే."

"అక్కా, నన్ను..."

"కుళాయి దగ్గర అడిగాను గుర్తుందా? తెలియదన్నావు. అప్పటికి మా అత్త బతికే ఉంది."

కోడలు తలదించుకుంది.

"అప్పుడే ఒక్క మాట అని ఉంటే, కొడుకు మంచివాడని తెలుసుకుని పోయేది. అనుమానంతో పోయింది. ఆయన లోపలికి రాగానే అడిగిన మొదటి మాట అదే, 'అమ్మ నమ్మిందా?' అని. నేనేం చెప్పను?" ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "పరీక్షలు ఎన్ని వచ్చినా ఏం లాభం చెల్లీ? మనుషులు ఏదో ఒకటి తీసుకెళ్ళి ఇస్తేనే కదా అవి నిజం చెప్పేది! తెలిసినవాళ్ళు నోరు మూసుకున్న ప్రతి రోజూ, ఏ పాపం తెలియనివాడు జైల్లో కూర్చుంటాడు. ఆ రోజుల్ని ఏ పరీక్షా వెనక్కి తేలేదు."

పాప చెయ్యి చాచింది. మేస్త్రీ భార్య ఆ చిన్న వేళ్ళని ఒక్కసారి పట్టుకుని వదిలేసింది. "ఈ పిల్ల తప్పేమీ లేదు. బాగా చదివించు," అంది.

తర్వాత, చప్పుడు కాకుండా, లోపలున్న మనిషి ఉలిక్కిపడకుండా, మెల్లగా తలుపు వేసింది.